రూల్స్ ఇంజిన్‌కు రూలు రాయడం: అర్హత లెక్కల వెనుక ఒక ఉద్యోగం

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట వంటి తీర గ్రామాలలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, ఇంజిన్ అమర్చిన పడవల వేట ఆగిపోతుంది. ఆ కాలానికి మత్స్యకారులకు ఇచ్చే భృతి 2019 నుంచి రూ.10,000గా ఉండగా, రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ‘మత్స్యకార సేవలో’ పేరుతో దానిని రూ.20,000 చేసింది. పడవ నమోదైందా, దరఖాస్తుదారు ఆ పడవ మీద పనిచేస్తున్నాడా, అతని వయసు పరిమితిలో ఉందా అన్న ప్రశ్నలకు వరుసగా జవాబు దొరికితేనే సొమ్ము ఖాతాలో పడుతుంది. ఇటువంటి షరతులను ప్రోగ్రాం లోపల కలిపేయకుండా, ‘ఇలా ఉంటే అలా చేయాలి’ అనే విడివిడి వాక్యాలుగా రాసి పెడితే వాటిని బిజినెస్ రూల్స్ అంటారు. వాటిని సమాచారంతో సరిపోల్చి నిర్ణయం చెప్పే సాఫ్ట్‌వేరు రూల్స్ ఇంజిన్. బ్యాంకు రుణాలు, బీమా క్లెయిములు, పన్ను లెక్కలు ఈ పద్ధతికి బాగా లొంగుతాయి.

రూలు రాయడం నేర్చుకొనే తెలుగు విద్యార్థికి పథకాల అర్హత నిబంధనలను మించిన పాఠ్యాంశం దొరకడం కష్టం. చదువుకొనే పిల్లల తల్లులకు సొమ్ము అందించే, 2025లో అమలైన ‘తల్లికి వందనం’ పథకాన్నే తీసుకుంటే, కుటుంబ ఆదాయం నెలకు గ్రామాలలో రూ.10,000, పట్టణాలలో రూ.12,000 దాటరాదు, భూమి మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు, రెండూ కలిసి 10 ఎకరాల లోపు ఉండాలి, విద్యుత్ వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించరాదు, నాలుగు చక్రాల వాహనం ఉండరాదు గాని ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌లకు మినహాయింపు ఉంది, ప్రభుత్వోద్యోగి ఉన్న ఇల్లు అనర్హం గాని పారిశుద్ధ్య కార్మికునికి ఆ అడ్డు లేదు. ఈ అంకెలు మారేవి, షరతుల ఆకారం అంతగా మారనిది. కాబట్టి అంకెలను రూలులో పాతేయక డెసిషన్ టేబుల్ అనే పట్టికలో ఉంచాలి.

రూలు సరిగ్గా ఉన్నా నెమ్మదిగా నడవవచ్చు. అది ఎందుకో తెలియాలంటే ఇంజిన్ లోపలి పని కొంత తెలియాలి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫోర్గీ 1970లలో రూపొందించి 1982లో పరిశోధన పత్రంగా వివరించిన రీటీ పద్ధతి, ప్రతి కొత్త సమాచారానికీ అన్ని రూల్సునూ మొదటినుంచి తిరిగి పరీక్షించదు. ఏ షరతు ఇదివరకే నెరవేరిందో ఒక అల్లికలో గుర్తుంచుకొని, మారిన చోట మాత్రమే లెక్క సరిచేస్తుంది. ఒకే షరతు ఒకే వరుసలో అనేక రూల్సులో వస్తే ఆ భాగాన్ని ఒక్కసారే లెక్కించి అన్నింటికీ పంచుతుంది. అందువల్ల ఉమ్మడి షరతులను అన్ని రూల్సులోనూ ఒకే క్రమంలో ముందు రాయడం అలంకారం కాదు, నేరుగా వేగం.

ఈ పద్ధతిలో ఖర్చు ఎక్కువగా ఒక రకం సమాచారాన్ని మరో రకంతో కలిపే జోడింపులలో ఉంటుంది. వెయ్యి మంది మత్స్యకారులు, వెయ్యి పడవలు ఉన్నప్పుడు, రెంటినీ కలిపే పడవ నమోదు సంఖ్యను షరతులోనే చెప్పకుండా చివర పోల్చే రూలు 10 లక్షల జతలను పుట్టిస్తుంది. అదే సంఖ్యను రెండో షరతులో సమానత్వంగా రాస్తే ఇంజిన్ ఒక సూచిక కట్టుకొని ఒక్కొక్కరికి వారి పడవను మాత్రమే తెచ్చి ఇస్తుంది. ఎక్కువమందిని వడకట్టే షరతు ముందుండాలి. విద్యుత్ సగటు వంటి కూడికలను రూలు లోపల పన్నెండు బిల్లుల మీద చేయించడం కన్నా, డేటాబేస్‌లో ముందే చేసి ఒక్క అంకెగా అందించడం మేలు.

మరొక చిక్కు రూలులోని ‘అలా చేయాలి’ అనే చర్య భాగంలో వస్తుంది. ‘అనర్హుడు’ అని కుటుంబ వివరాన్నే మార్చితే, అది మారిన సమాచారంగా తిరిగి వచ్చి అదే రూలును మళ్లీ మేల్కొలపవచ్చు, ఇంజిన్ ఆగకుండా తిరుగుతుంది. మూల వివరాన్ని ముట్టకుండా ‘అనర్హత కారణం: వాహనం’ అనే కొత్త వివరాన్ని చేర్చితే ఈ బెడద సాధారణంగా తప్పుతుంది, పైగా దరఖాస్తు తిరస్కరించబడిన ఇంటికి ఏ షరతు అడ్డువచ్చిందో చెప్పగలిగే స్థితి వస్తుంది, ఇది వేగం కన్నా పెద్ద లాభమే. రూల్సుకు ప్రాధాన్య సంఖ్యలు వేసి వరుస నడిపించే అలవాటు మాత్రం రూల్సు పెరిగే కొద్దీ ఎవరికీ అర్థం కాని ముడిగా మారుతుంది. (డజను స్థిరమైన షరతులకు అసలు ఇంజినే అవసరం లేదన్న మాట కూడా ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పదగినదే.)

ఉద్యోగ ప్రకటనలలో ఈ పని బిజినెస్ అనలిస్ట్, రూల్ డెవలపర్, డెసిషన్ ఇంజినీర్ వంటి పేర్లతో, ఐబీఎం ఓడీఎం, పెగా, ఫైకో బ్లేజ్ వంటి ఉత్పత్తుల పక్కన కనిపిస్తుంది. జావా, ఎస్‌క్యూఎల్ పునాదులు కావాలి. నిర్ణయాలను పట్టికలుగా రాసే డీఎంఎన్ ప్రమాణంలో మాత్రం కామర్స్, న్యాయశాస్త్ర పట్టభద్రులు కూడా నిలదొక్కుకోగలరు, ఎందుకంటే ఉత్తర్వును చదివి ‘లోపు’ అన్నప్పుడు సరిగ్గా 3 ఎకరాలున్న రైతు ఎటు పడతాడో అడగడం ప్రోగ్రామింగ్ కన్నా భాషాజ్ఞానానికి చెందిన పని.

ఉచితంగా దొరికే డ్రూల్స్ ఇంజిన్‌లో పై అర్హత షరతులను రాసి, సరిగ్గా హద్దు మీద ఉన్న కల్పిత కుటుంబాలతో పరీక్షించి, ఆ పనిని గిట్‌హబ్‌లో ఉంచిన అభ్యర్థి దరఖాస్తు, ధ్రువపత్రాలు మాత్రమే జతచేసిన దరఖాస్తు కన్నా బలంగా నిలుస్తుంది. డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుకు అంశం వెదుకుతున్నవారు దీనిని తీసుకోవచ్చు.