ఇంట్లో రాసిన ఉత్తరం ఇంట్లోనే తప్పిపోతే

పిల్లలూ! మీరు అమ్మమ్మకు రాసిన ఉత్తరం చేరలేదనుకోండి. ఏం చేస్తారు? పోస్టు డబ్బాలోనే ఉండిపోయిందా, తపాలా ఆఫీసులో ఆగిందా, పోస్టుమాన్ పక్కింట్లో వేశాడా అని వరసగా విచారిస్తారు కదా! కంప్యూటర్ లోపలి ఉత్తరానికీ పద్ధతి ఇదే.

ఒకే కంప్యూటర్లో ఉత్తరాలెందుకని మీరు అడగవచ్చు. లినక్స్ వ్యవస్థలో తమంతట తాము పనిచేసే ప్రోగ్రాములు చాలా ఉంటాయి. వాటికి నోరు లేదు. చెప్పవలసింది ఏమైనా ఉంటే యజమానికి ఈమెయిల్ రాస్తాయి. మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఇలా మెయిల్ సర్వర్‌గా పనిచేస్తోంది. ఇంటిల్లిపాది ఫొటోలూ దాని డిస్కులోనే ఉండేవి. డిస్కు చెడిపోయే సూచనలు కనిపెట్టి ఉత్తరం రాసే ప్రోగ్రామునూ అందులో పెట్టాం. నెలలు గడిచినా ఒక్క ఉత్తరమూ రాలేదు. డిస్కు బాగుందనుకున్నాం. ఒకనాడు అనుమానం వచ్చి నాకు నేనే ఉత్తరం పంపుకున్నాను. అదీ రాలేదు!

ఉత్తరాలు చేరవేసే ప్రోగ్రాం పేరు పోస్ట్‌ఫిక్స్. వీట్సె వెనెమా అనే శాస్త్రవేత్త ఐ.బి.ఎం. పరిశోధనశాలలో దీన్ని రాయగా 1998లో బయటికి వచ్చింది. బట్వాడాకు వీలుకాని ఉత్తరాలను ఇది కారణంతో సహా ఒక వరసలో నిలబెడుతుంది. 'మెయిల్‌క్యూ' అని టైపు చేస్తే ఆ జాబితా కనిపిస్తుంది. చూశాను. వరస ఖాళీ.

తరువాత చిట్టా తెరిచాను. పోస్ట్‌ఫిక్స్ ప్రతి ఉత్తరానికీ ఒక గుర్తు ఇచ్చి, ఎప్పుడు ఏం చేసిందో అందులో రాసి ఉంచుతుంది. (చిట్టా చదవకుండా సెట్టింగులు మార్చడమంటే నాడి చూడకుండా మందివ్వడమే.) 'ఈ పేరుగలవారు లేరు' అని ఉంటే చిరునామా తప్పన్నమాట. కాని అక్కడున్నది వేరు: 'పంపడమైంది, పెట్టెలో వేయడమైంది.'

పోస్టుమాన్ అబద్ధమాడలేదు. మరి ఆ పెట్టె ఏది?

ఉత్తరాలు దాచే పద్ధతులు ముఖ్యంగా రెండు. పాత ఇళ్ళలో చూరుకు వేలాడే తీగకు ఉత్తరాలన్నీ గుచ్చేవారు. ఎంబాక్స్ పద్ధతి అలాంటిదే. మనిషికొక ఫైలు, ఉత్తరాలన్నీ అందులోనే, ఒకదాని కింద ఒకటి. రెండోది మెయిల్‌డిర్. ఇందులో ప్రతి ఉత్తరమూ వేరే ఫైలు. వాటికి టెంప్, న్యూ, కర్ అని మూడు అరలు. రాస్తూ ఉన్న ఉత్తరం టెంప్‌లో ఉంటుంది. పూర్తయ్యాకే న్యూలోకి వస్తుంది. చదివే ప్రోగ్రాం చూశాక కర్‌లోకి పోతుంది. అందువల్ల మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఉత్తరం మన కంటపడదు.

మా ఇంట్లో పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాలను తీగకు గుచ్చుతోంది. వాటిని తెచ్చి మనకు చూపించే డవ్‌కాట్ అనే మరో ప్రోగ్రాం అరల్లో వెతుకుతోంది. ఎవరి పని వారు సక్రమంగానే చేస్తున్నారు!

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలులో 'హోమ్ మెయిల్‌బాక్స్' అన్నచోట 'మెయిల్‌డిర్' అని రాసి, చివర ఒక ఏటవాలు గీత పెట్టాలి. ఆ గీత లేకపోతే పోస్ట్‌ఫిక్స్ దాన్ని అరల పెట్టె అనుకోదు, మళ్ళీ ఒకే ఫైలు అనుకుంటుంది. మొదటిసారి నేను మరిచిపోయాను కూడా. గీత పెట్టి, సెట్టింగులు మళ్ళీ చదవమని పోస్ట్‌ఫిక్స్‌కు చెప్పి, ఇంకో ఉత్తరం పంపాను. క్షణంలో వచ్చింది.

పాత ఉత్తరాలు మాత్రం వాటంతట అవే కొత్త పెట్టెలోకి రావు. ఆ పాత ఫైలు తెరిచి చూస్తే, డిస్కు గురించిన హెచ్చరిక మూడు వారాలుగా అందులో పడి ఉంది. ఆ రాత్రే ఫొటోలన్నిటికీ మరో డిస్కులో నకలు తీశాం.