పాదు మీద వదిలిన కాయ

వ్యక్తిత్వ వికాసం పేరుతో వెలువడే పుస్తకాల్లో ఎక్కువ భాగం మనిషి ఏం సాధించాలో, ఎంత త్వరగా సాధించాలో చెబుతాయి గాని, చేతికందిన దాన్ని అందుకోకుండా ఉండగలగడం కూడా ఒక సామర్థ్యమేనని చెప్పేవి తక్కువ. ఆత్మనిగ్రహం అంటే కోరిక పుట్టిన క్షణానికీ దాన్ని తీర్చుకునే క్షణానికీ మధ్య మనిషి తన ఇష్టంతో ఉంచగలిగే ఎడం. అది ఉపన్యాసాలు విన్నంత మాత్రాన పెరగదు. రోజూ చేతులతో చేసే పని ఏదో ఒకటి దాన్ని పెంచాలి. అరెకరమో పాతిక సెంట్లో నేల, అందులో నాలుగు పాదులు, ఒక పాడిగేదె, కొన్ని నాటుకోళ్లు ఉన్న కుటుంబానికి అటువంటి పని వెతుక్కోకుండానే దొరుకుతుంది. ఈ వ్యాసం గట్టిగా పట్టుబట్టి చెప్పే అలవాటు ఒక్కటే: కాసిన వాటిలో అన్నిటికన్నా మంచి కాయను కోయకుండా విత్తనానికి వదిలి, మిగిలిన వాటితో వండుకోవడం.

చాలా ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. నిగనిగలాడుతూ పందిరికి వన్నె తెచ్చిన కాయ మొదటి రోజే పొయ్యి మీదికి పోతుంది; పండుఈగ కుట్టి వంకర తిరిగినదో, ఆకుల చాటున ఎవరి కంటా పడక ముదిరిపోయినదో విత్తనానికి మిగులుతుంది. మొక్క గుణాలు విత్తనం ద్వారా తరువాతి తరానికి సంక్రమించడాన్ని అనువంశికత అంటారు. ఆ మాట తెలియకపోయినా ఆ సంగతి తెలియని రైతు ఉండడు. తెలిసి కూడా ఏటేటా మంచిదాన్ని తిని, నాసిదాన్ని నాటేవాడు తన పాదును తానే చెడగొట్టుకుంటున్నాడు. ఆ తరువాత కాపు లేదని నేలనూ వాననూ తిట్టుకుని లాభం లేదు. మెలకువ చురుగ్గా ఉన్న గంటలన్నీ ఫోనుకు ధారపోసి, ఆవులింతలు వచ్చే వేళను చదువుకూ పిల్లలకూ కేటాయించేవారు చేస్తున్నదీ ఇదే పని.

ఆచరణలో మొదటి మెట్టు కాయను ఎంచడం కాదు, మొక్కను ఎంచడం. పక్క తీగల మీద బూడిద తెగులు పాకినప్పుడు కూడా ఆకు పచ్చగా నిలబెట్టుకున్నది, నీరు ఒక వారం తప్పినా వాడిపోనిది, పిందెను నిలుపుకున్నది ఏ తీగో గమనించాలి. ఆ తీగ మీద రెండు మూడు కోతలు అయిన తరువాత వచ్చిన బలమైన కాయలో ఒకదానికి రంగు గుడ్డపేలిక కట్టాలి. పేలిక కట్టడం చూడటానికి చిన్న పనే గాని అసలు సంగతంతా అందులోనే ఉంది, ఎందుకంటే అది ఇంటిల్లిపాదికీ తెలిసేలా చేసిన ప్రతిజ్ఞ వంటిది. పేలిక ఉన్న కాయను చుట్టాలు వచ్చినా కోయకూడదు. ఈ వ్యాసం రాస్తున్న వ్యక్తి ఈ విషయంలో ఆదర్శమేమీ కాదు. లేత సొరకాయ కంటబడితే ఆ చేయి ఇప్పటికీ చాకు వైపే పోతుంది, పేలిక ఆ బలహీనతకు పెట్టుకున్న కాపలా.

నిరీక్షణ ఎంత కాలమో కూరగాయను బట్టి మారుతుంది. సొరకాయ, అంటే కోస్తా ఇళ్లలో అనపకాయ, పువ్వు విచ్చిన రెండు వారాలకే గోరు గుచ్చితే దిగేంత లేతగా కూరకు వస్తుంది. కాని విత్తనం ముదరాలంటే పెంకు గట్టిపడి, పచ్చదనం పోయి, ఊపితే లోపల గింజ గలగలమనేదాకా వారాల తరబడి తీగ మీదే ఉండాలి. బీరకాయ తీగ మీదే ఎండిపోయి పీచు తేలుతుంది. కొస విరిచి దులిపితే నల్లటి గింజలు రాలతాయి, మిగిలిన పీచు స్నానాల గదికి చేరుతుంది. వంకాయ పసుపు రంగుకు తిరిగి, కూరకు పనికిరాకుండా పోయాకే విత్తనానికి పనికొస్తుంది. బెండకాయ చెట్టున ఎండి, అంచుల వెంట పగుళ్లు ఇవ్వాలి. టమాటా గుజ్జును గిన్నెలో రెండు మూడు రోజులు పులియబెట్టాలి, ఎందుకంటే గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకను అడ్డుకుంటుంది. పులిస్తే ఆ పొర కరిగి, గట్టి గింజలు అడుగుకు దిగుతాయి. గోంగూర మడిలో ఒక మొక్కను గిల్లకుండా వదిలేస్తే అది మనిషి ఎత్తు లేచి, పూసి, కాయలు ఎండేదాకా మడికి అడ్డంగా నిలబడుతుంది, దాన్ని పీకేయమని ఇంట్లో ఎవరో ఒకరు రోజూ సణుగుతూనే ఉంటారు.

ఈ అలవాటుకు ఖర్చు లేదని చెబితే అబద్ధమవుతుంది. ముదురుతున్న కాయ తీగ బలాన్ని తన వైపు లాక్కుంటుంది కనుక కొత్త పిందెలు తగ్గుతాయి. పేలిక కట్టిన కాయను ఎలుక కొరకవచ్చు, కోతి తెంపుకుపోవచ్చు, అకాల వానకు అది కుళ్లిపోవచ్చు. అటువంటప్పుడు నిరాశపడి వదిలేయడం తేలిక. వదిలేయకూడదు, పేలికను మరో కాయకు మార్చాలి, అంతే. అందుకే మొదటి నుంచీ ఒక తీగకు ఒకటి చొప్పున రెండు మూడు తీగల మీద వదలడం మంచిది.

ఇక్కడ రెండు సాంకేతిక విషయాలు తెలిసి ఉండాలి. రెండు వేర్వేరు వంగడాలను కలిపి తయారుచేసిన సంకర విత్తనం నుంచి వచ్చిన కాయలోని గింజను నాటితే సంతతి తల్లిని పోలి ఉండదు, గుణాలు చెదిరిపోతాయి. కనుక దాచడానికి నాటు రకాలే ఎంచుకోవాలి. రెండవది పరాగ సంపర్కం, అంటే పుప్పొడి కీలాగ్రానికి చేరడం. టమాటా, చిక్కుడు వంటివి చాలావరకు తమ పువ్వులోని పుప్పొడితోనే కాస్తాయి. సొర, బీర, గుమ్మడి మాత్రం పురుగుల మీద, ఈగల మీద ఆధారపడి ఇతర పువ్వుల పుప్పొడిని స్వీకరిస్తాయి. వీటిలో పోతుపువ్వు సన్నని కాడ మీద ఉంటుంది, ఆడపువ్వు కింద చిన్న పిందె కనబడుతుంది. పక్కవారి తోటలో అదే జాతికి చెందిన వేరే రకం ఉంటే, మర్నాడు విచ్చబోయే ఆడమొగ్గనూ పోతుమొగ్గనూ దారంతో మెల్లగా కట్టి ఉంచి, విచ్చే వేళకు విప్పి, పోతుపువ్వును ఆడపువ్వుకు అద్ది, మళ్లీ కట్టేయాలి. సొర, బీర పువ్వులు సాయంత్రం పూట విచ్చుకుంటాయి కనుక ఈ పని దీపాలు పెట్టే వేళ చేయవలసి వస్తుంది. రోజంతా దుమ్ములో, లెక్కల్లో గడిపిన మనిషికి పందిరి కింద ఆ కాసేపు దొరికే సంతోషాన్ని చేసి చూసినవారికే వదిలేయాలి. చేదు తేలిన సొరకాయను మాత్రం వండనూ కూడదు, దాని గింజ దాచనూ కూడదు: ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు తీవ్రమైన వాంతులకు, విరేచనాలకు దారితీస్తాయి. చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదైతే ఉమ్మేసి, కాయను పారేయడం ప్రతి వంటింట్లోనూ ఉండవలసిన జాగ్రత్త.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ నిగ్రహాన్ని వేరే దారిలో పరీక్షించారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్, 1960ల చివరి నుంచి, చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండు ఇస్తామని చెప్పి చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. ఆగిన పిల్లలు పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారన్న మాట వ్యక్తిత్వ వికాస ప్రసంగాలన్నిటా మార్మోగింది. 2018లో ఇంకా ఎక్కువ మంది పిల్లలను పరిశీలించినప్పుడు ఆ సంబంధం బాగా బలహీనపడి, ఇంటి పరిస్థితుల ప్రభావమే పెద్దదని తేలింది. ఇచ్చిన మాట నిలబెట్టుకునే పెద్దల దగ్గర పిల్లలు ఎక్కువసేపు ఆగుతారని చెప్పిన ప్రయోగమూ ఉంది. ఈ చివరి మాటలోనే అసలు కీలకం ఉన్నట్టు తోస్తుంది. ఆగితే దొరుకుతుందన్న నమ్మకం లేనివాడిని ఆగమనడం అన్యాయం. ఆ నమ్మకం కలగాలంటే ఆగి, నిజంగా పొందిన అనుభవం ఉండాలి. తన చేత్తో పేలిక కట్టిన పిల్లవాడు మరుసటి ఏడు అదే గింజ నుంచి లేచిన తీగను చూసినప్పుడు అతనికి దొరికేది ఆ అనుభవమే. కనుక పేలిక పిల్లల చేత కట్టించడం మంచిది, కాయను కాపాడే పూచీ కూడా వారికే అప్పగించడం ఇంకా మంచిది.

మంచి కాయ వదిలేస్తే వంట రుచి తగ్గుతుందని భయపడేవారు ఉంటారు. వంకర తిరిగిన బీరకాయను చెక్కు తీసి పప్పులో వేసినా, ఆ చెక్కును పారేయకుండా పచ్చిమిర్చితో వేయించి రోట్లో నూరినా, రూపంలోని లోపం రుచిలో కనబడదు. పెరటి దోసకాయ ముక్కల పచ్చడికి కాయ అందం అక్కరలేదు, కొంచెం పులుపు ఉంటే చాలు. ఏం వండాలో ముందు నిర్ణయించుకుని సంతకు పరిగెత్తే అలవాటు నుంచి, పందిరి ఏమిచ్చిందో చూసి దానికి తగ్గట్టు పొయ్యి వెలిగించే అలవాటుకు మనిషి మెల్లగా మళ్లుతాడు. ఈ మార్పు వంటింటికే పరిమితమైనదని అనుకోనక్కరలేదు. నిజానికి వంటింట్లో ఈ పద్ధతి ముందే ఉంది: పెరుగు తోడు అంటే రేపటి కోసం ఇవాళ తినకుండా వదిలిన చెంచాడే కదా. పాలను పెరుగుగా మార్చే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఆ చెంచాలో సజీవంగా ఉంటాయి; అందరి కంచాల్లో వడ్డన అయ్యాక గిన్నె గీకి తీసే బదులు, పెరుగు గిన్నె కదిలించక ముందే తోడు వేరుగా తీసి పెట్టే ఇల్లాలు విత్తనపు కాయకు పేలిక కట్టినట్టే.

పశువుల దగ్గర ఈ నియమం మరింత కఠినమైనది, ఎందుకంటే అక్కడ తప్పితే ప్రాణం పోతుంది. దూడ తల్లి కడుపులో ఉండగా వ్యాధులను ఎదిరించే ప్రతిరక్షకాలు మావి గుండా దానికి అందవు. ఈనిన తరువాత తొలి జున్నుపాల ద్వారానే అందాలి, దూడ పేగులు వాటిని పీల్చుకునే శక్తి ఒక రోజు గడిచేసరికి దాదాపు పోతుంది. రోజుకు దూడ బరువులో పదో వంతు పాలు దానికి పట్టాలన్నది పశువైద్యులు చెప్పే మోటు లెక్క. జున్ను మీద తెలుగువారికి ఉన్న మక్కువ తెలిసిందే. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించిన గిన్నె కోసం ఇరుగుపొరుగులు ముందే కబురు పెడతారు. వారికి కాదనలేక దూడ వాటాలో చేయి పెట్టేవారిని మొహమాటపరులని అనకూడదు, బాధ్యత లేనివారని అనాలి. దూడ తాగగా మిగిలినదే జున్ను.

కోళ్లకూ అంతే. పొదుగుకు వచ్చిన నాటుకోడి కింద పెట్టడానికి మధ్యరకం పరిమాణంలో, పెంకు నునుపుగా, వారం దాటకుండా ఉన్న గుడ్లు ఎంచి, వాటి మీద పెన్సిలుతో తేదీ రాసి, మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు పలచనివి పులుసుకు పంపాలి. 21 రోజుల తరువాత గంప కింద కిచకిచలు వినిపిస్తాయి.

మిగిలిన సలహాలను ఇక్కడ ఒక్క ఊపిరిలో చెప్పి వదిలేయవచ్చు: సూర్యోదయానికి ముందే లేవాలి, ఎండెక్కకముందే పాదులకు నీరు పెట్టాలి, పేడనూ చెత్తనూ వృథా చేయక ఎరువు గుంటలో వేయాలి, ఖర్చులు రాసిపెట్టుకోవాలి, పెరట్లోకి ఫోను తీసుకుపోకూడదు, వారానికొక రోజు ఏ పనీ పెట్టుకోకూడదు. ఇవన్నీ మంచివే, వీటి మీద పుస్తకాలకు కొదవ లేదు. నేల లేనివారు నిట్టూర్చి ఊరుకోనక్కరలేదు. మేడ మీద కుండీలో ఒక నాటు టమాటా మొక్క ఉన్నా ఈ అభ్యాసానికి చాలు.

కోసిన విత్తనాన్ని నిలబెట్టడం మరొక విద్య. విత్తనంలోని తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని, నిలువ ఉంచిన చోటి వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా అంతే అవుతుందని విత్తన శాస్త్రంలో హారింగ్టన్ పేరిట ఒక సూత్రం ఉంది. అది తెలియని రోజుల్లోనే పల్లె స్త్రీలు గింజలను నీడలో ఆరబెట్టి, జల్లించిన బూడిదతోనో ఎండిన వేపాకుతోనో కలిపి, మూతి బిగించిన కుండల్లో, ఎండిన సొరబుర్రల్లో దాచారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు చిరుధాన్యాల, పప్పుల పాత రకాలను ఇలాగే నిలబెట్టి, పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతూ వచ్చారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం దక్కింది. రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవడం, మళ్లీ నాటుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం మన దేశంలో చట్టం ఒప్పుకున్న హక్కు. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఆ మాట చెబుతుంది, రక్షణ పొందిన వంగడాన్ని బ్రాండు పేరుతో అమ్మడాన్ని మాత్రం అనుమతించదు.

ఇంత కష్టపడి దాచినదాన్ని మృగశిర కార్తె తొలకరికి సంబరపడి మొత్తం నాటేయడం కొత్తవారిలో తరచు కనబడే తొందర. జూన్‌లో పడిన మొదటి వాన రెండో వానకు హామీ కాదు. మొలక లేచాక నేల బీటలిస్తే ఏడాది శ్రమ వారంలో మాడిపోతుంది. అందుచేత సగం నాటి, సగం కుండలోనే ఉంచాలి. ఆ సగంలోంచి పిడికెడు పొరుగింటికి ముందే ఇచ్చి ఉంచితే ఇంకా క్షేమం, ఎందుకంటే తమ పాదు పోయిన ఏడు ఆ రకం ఇంకా బతికి ఉండేది వారి పెరట్లోనే, అడిగి తెచ్చుకోవడానికి అప్పుడు మొహమాటపడనక్కరలేదు.