పొలములో దొరకిన పాతర: రైతు తెలిసికొనదగిన పాఠము



మన పల్లెలలో లంకెబిందెల కథ వినని వారుండరు. ఊరి వెలుపలి పాటిదిబ్బ మీద ఎవరి తాతయో దున్నుచుండగా నాగలి కఱ్ఱుకు బిందె తగిలెననియు, ఆ యింటివారు రాత్రికి రాత్రి ధనవంతులైరనియు వృద్ధులు చెప్పుచుందురు. ఇట్టి కథలలో నిజమెంతయో, కల్పన యెంతయో విడదీయుట కష్టము. ఈ మాసపు పాఠమున కల్పన యెంతమాత్రమును లేని యొక వృత్తాంతమును మీ ముందుంచుచున్నాము. ఇది ఇంగ్లాండు దేశమున జరిగినది. అయినను ఇందలి వారు పొలము పనులెరిగినవారే. వారు చేసిన పని యే దేశపు రైతుకైనను మార్గము చూపగలదు.

పోయినది సుత్తి, దొరకినది నిక్షేపము

ఇంగ్లాండునకు తూర్పుభాగమున సఫోక్ అను మండలము కలదు. అందు హాక్సన్ అను గ్రామమునకు సమీపమున పీటర్ వాట్లింగ్ అను కౌలు రైతు సేద్యము చేయుచుండెను. ఆ భూమికి యజమాని సఫోక్ మండల సభ. 1992వ సంవత్సరములో వాట్లింగ్ పొలములో తన సుత్తిని పోగొట్టుకొనెను. ఎంత వెదకినను కనబడకపోగా, తన స్నేహితుడైన ఎరిక్ లాస్ అను వానిని సహాయమడిగెను. లాస్ తోటపని చేసి విశ్రాంతి పొందిన వృద్ధుడు. పని మానునప్పుడు ఆయనకు బహుమతిగా వచ్చిన లోహశోధక యంత్రమొకటి ఆయనయొద్ద నుండెను. దానినే జనులు మెటల్ డిటెక్టరు అందురు.

ఆ సంవత్సరము నవంబరు 16వ తేదీని లాస్ యంత్రముతో పొలమున వెదకుచుండగా అది గట్టిగా మ్రోగెను. త్రవ్విచూడగా సుత్తికి మారుగా వెండి చెంచాలును, బంగారు నగలును, నాణెములును బయటపడ నారంభించెను. ఇక్కడనే మనము గమనింపవలసిన విషయము కలదు. చేతికందిన ధనమును మూటగట్టి చీకటిపడువరకు త్రవ్వుటకు అడ్డు చెప్పువారు ఆ పొలములో ఎవరును లేరు. అయినను వారిరువురు త్రవ్వుట అంతటితో నిలిపివేసి, భూమి యజమానులకును పోలీసువారికిని వెంటనే తెలియజేసిరి. మరునాడే పురావస్తు శోధకులు వచ్చి, మిగిలినదానిని ఒక్క దినములోనే క్రమముగా వెలికిదీసిరి. విడదీయుటకు వీలుకాని భాగములను మట్టిగడ్డలతో సహా ఎత్తి ప్రయోగశాలకు చేర్చిరి.

తరువాత ఆ సుత్తియు దొరకెను. అదియు నేడు ఆ నిక్షేపముతోపాటు లండను నగరములోని బ్రిటిష్ మ్యూజియమునందున్నది.

యంత్రము పనిచేయు విధము

ఈ యంత్రమునకు మహిమ లేమియు లేవు. కఱ్ఱ చివరనుండు చక్రమువంటి భాగములో రాగితీగ చుట్టయుండును. దానిలో దిశ మారుచుండు విద్యుత్తు ప్రవహించి, చుట్టును అయస్కాంత శక్తిని పుట్టించును. ఆ శక్తి నేలలోని లోహమును తాకినపుడు లోహములోను స్వల్పముగా విద్యుత్తు పుట్టి, అది తిరిగి తన అయస్కాంత శక్తిని వెలువరించును. కొండయెదుట కేకవేసినచో మారుమ్రోత వచ్చునట్లు, ఈ ప్రతిశక్తిని యంత్రము పసిగట్టి ధ్వని చేయును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున నేలలో పాతిన మందుపాతరలను కనుగొనుటకు పోలిష్ దేశీయుడగు కొసాట్స్కీ అను సైనికోద్యోగి చేతితో మోయదగిన యిట్టి యంత్రమును నిర్మించెను. యుద్ధానంతరము ఇది సామాన్యుల చేతికిని వచ్చినది.

అయితే యంత్రము మ్రోగినంతమాత్రమున ధనమున్నదని తలపరాదు. తుప్పుపట్టిన మేకు, విరిగిన లాడము, రేకుడబ్బా, ఇవియు దానిని మ్రోగించును. నాణెమంత చిన్న వస్తువును సామాన్యముగా జానెడు లోతువరకు మాత్రమే కనుగొనగలదు. నేలలో లోహమున్నదని అది చెప్పును గాని, ఆ వస్తువు ఎవరిదో, ఎన్నడు పాతబడినదో చెప్పజాలదు. ఆ సంగతి చెప్పునది చుట్టునున్న మట్టి.

మట్టి చెప్పిన సాక్ష్యము

హాక్సన్ పాతరలో 14,865 నాణెములు లెక్కకు వచ్చినవి. వీనిలో 569 బంగారువి, 14,272 వెండివి, 24 కంచువి. ఇవిగాక వెండి పాత్రలును, చెంచాలును, బంగారు నగలును కలిసి సుమారు 200 వస్తువులుండెను. ఇవన్నియు రోమక సామ్రాజ్య కాలము నాటివి. నాణెములపై నున్న చక్రవర్తుల పేర్లనుబట్టి ఈ ధనము క్రీ. శ. 407వ సంవత్సరమునకు తరువాతనే పాతబడెనని నిర్ణయించిరి. రోమకుల యేలుబడి బ్రిటను ద్వీపమున అంతరించుచున్న కాలమది. ప్రాణభయముచేతనో, దోపిడిభయముచేతనో ఒక సంపన్న కుటుంబము వారు తమ సొత్తును దాచియుందురు. తిరిగి తీసికొనుటకు వారు రాలేదు.

శోధకులు తొందరపడక పనిచేసినందున, నాణెముల విలువకు మించిన సంగతులు తెలియవచ్చినవి. వస్తువులు ఓక చెక్కతో చేసిన పెట్టెలో నుండెననియు, దానిలో మరల చిన్న పెట్టెలుండెననియు, గిన్నెలు ఒరసికొనకుండ నడుమ గడ్డి పెట్టిరనియు గుర్తించిరి. పెట్టె చెక్క యేనాడో క్రుళ్లిపోయినది. అయినను వస్తువులున్న వరుసయు, మేకులును, తాళపు ముక్కలును దాని ఆకారమును తెలిపినవి. ఎవరైన గునపముతో ఒక్కసారి కుళ్లగించియున్నచో ఈ సాక్ష్యమంతయు క్షణములో నశించియుండెడిది.

వెండి నాణెములలో పెక్కింటి అంచులు కత్తిరింపబడియుండెను. క్రొత్త నాణెములు వచ్చుట నిలిచిపోగా, జనులు ఉన్నవాని అంచులనుండి కొంచెము కొంచెము వెండిని తీసికొనిరని దీనివలన తెలియుచున్నది. ఒక కంకణముపై జూలియానా అను స్త్రీ పేరు చెక్కబడియున్నది. మిరియపు పొడి చల్లుకొను వెండి పాత్రలు నాలుగు దొరకినవి. అందొకటి స్త్రీ విగ్రహ రూపమున నున్నది. మిరియములు ఇంగ్లాండున పండునవి కావు. అవి మన దక్షిణ దేశపు పడమటి తీరమునుండి ఓడలమీద రోమకులకు చేరిన సరకు. ఆ వర్తకపు జాడలు మన తెలుగునాటను కలవు. నల్లగొండ ప్రాంతమందలి అక్కనపల్లెలో రోమకుల వెండి నాణెములు దొరకినవి. కావున ఎక్కడనో దొరకిన పాత్రకును, మన నేలకును సంబంధముండుట వింత గాదు.

సత్యప్రవర్తనకు లభించిన ఫలము

1993వ సంవత్సరమున విచారణాధికారి దీనిని నిక్షేపముగా నిర్ణయించెను. నిపుణులు విలువ కట్టగా పదునేడు లక్షల యేబదివేల పౌనులని తేలెను. ఆ మొత్తము కనుగొన్నవాడగు లాస్ కు ముట్టినది. అప్పటి శాసనము ప్రకారము దానిలో కౌలు రైతునకు పాలు ఇయ్యవలసిన నిర్బంధము లేదు. అయినను లాస్ తన స్నేహితుడైన వాట్లింగ్ తో దానిని పంచుకొనెను. సుత్తి పోయిన పొలము వాట్లింగ్ ది. అతడు పిలువనిదే లాస్ అచ్చటికి వచ్చియుండడు.

వేరొక పొలము కథ

ఆ సఫోక్ మండలమందే, మిల్డెన్‌హాల్ సమీపమున, 1942వ సంవత్సరములో వేరొక సంగతి జరిగెను. చక్కెరదుంప పంటకై లోతుగా దున్నుచుండగా నాగలికి రోమకుల వెండి పళ్లెములు తగిలెను. వానిలో పెద్ద పళ్లెమొక్కటియే యెనిమిది కిలోలకు మించిన తూకముగలది. దానిని త్రవ్విన వారు ప్రభుత్వమునకు తెలియజేయలేదు. వస్తువులు నాలుగేండ్లు ఒక యింటిలో నుండిపోయెను. 1946లో సంగతి బయటపడి ప్రభుత్వము వానిని స్వాధీనపరచుకొనెను. దొరకినవారిరువురికిని చెరి వేయి పౌనులు మాత్రమే ఇచ్చిరి. సకాలమున తెలిపియున్నచో పూర్తివిలువ పొందదగినవారు అల్పముతో తృప్తిపడవలసివచ్చినది. అంతేకాక, అవి యే స్థితిలో నేలలో నుండెనో శోధకులు చూడలేకపోయినందున, ఆ వస్తువులు నిజముగా అచ్చటివేనా యను సందేహములు చాలకాలము వినబడినవి. ఒకే మండలమున రెండు పాతరలు దొరకినవి. రెంటికిని కలిగిన ఫలము వేరు.

మన దేశపు శాసనము

మన దేశమున ఈ విషయమై 1878వ సంవత్సరపు నిక్షేప శాసనము కలదు. దానిలోని ముఖ్యాంశములు రైతులందరును ఎరిగియుండవలెను.

1. నేలలో దాచబడి దొరకిన వస్తువు విలువ పదిరూపాయలకు మించినచో, కనుగొన్నవాడు జిల్లా కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. ఏమి దొరకినది, ఎంత దొరకినది, ఎచ్చట, ఏ తేదీని దొరకినదను సంగతులు అందుండవలెను.

2. వస్తువులను సమీపమందలి ప్రభుత్వ ఖజానాలో ఉంచవలెను, లేదా కోరినపుడు చూపుటకు జామీను ఇయ్యవలెను.

3. విచారణానంతరము అది సొంతదారులేని నిక్షేపమని తేలినచో, కనుగొన్నవానికి నాలుగింట మూడుపాళ్లును, భూమి యజమానికి నాలుగవ పాలును చెందును. వారిరువురిమధ్య ముందుగా వేరు ఒడంబడిక యున్నచో దాని ప్రకారము జరుగును.

4. ప్రభుత్వము వస్తువును తానే తీసికొనదలచినచో, లోహపు విలువకు అయిదవవంతు చేర్చి చెల్లించును.

5. తెలుపక దాచినవాడు తన పాలును పోగొట్టుకొనును. అదిగాక ఏడాదివరకు ఖైదుకో, జరిమానాకో, రెంటికినో పాత్రుడగును. అందుకు తోడ్పడిన భూమి యజమానికిని శిక్ష కలదు.

మూడవ అంశమును కూలి సోదరులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. గట్టు త్రవ్వు కూలివానికి బిందె దొరకినచో, కనుగొన్నవాడు వాడే. పొలము నాదికదా యని యజమాని దానిని లాగికొనుట న్యాయమును కాదు, శాసనసమ్మతమును కాదు. రాష్ట్రములు చేసిన సవరణలు ఉండవచ్చును గనుక, అవసరము కలిగినపుడు తహశీలుదారు కచేరిలో విచారించుట మంచిది. ప్రభుత్వ రక్షణలోనున్న కోటలు, స్తూపములు, దిబ్బలయందు అనుమతిలేక త్రవ్వుట నేరము. యంత్రము చేతనున్నంతమాత్రమున ఆ హక్కు రాదు.

చేయవలసినవి, చేయరానివి

నాగలికిగాని పారకుగాని పాత వస్తువు తగిలినచో అచ్చటనే పని నిలుపవలెను. చోటు గుర్తు తెలియునట్లు నాలుగు కొయ్యలు పాతవలెను. ఉన్నది ఉన్నట్లు ఛాయాచిత్రము తీయవలెను. ఇరువురు పెద్దమనుష్యుల యెదుట జాబితా వ్రాసి, నాడే అధికారులకు తెలుపవలెను.

చింతపండుతోగాని, ముగ్గుతోగాని, బూడిదతోగాని తోమరాదు. తోమినచో అక్షరములు అరిగిపోవును. రాగిరేకులు దొరకినచో పాతసామాను కొనువానికి తూకమున అమ్మరాదు. మన రాజుల దానములను, గ్రామముల పేర్లను, ఎల్లలను తెలిపినవి అట్టి రాగిరేకులే. బంగారమును కంసాలి మూసలో కరగించినచో మిగులునది తులముల లెక్క మాత్రమే. ఆ వస్తువు చెప్పదగిన కథ పొగతోపాటు పోవును.

హాక్సన్ పొలమున ఆ ఇరువురు మిత్రులు ఒకరి నొకరు నమ్మిరి, అధికారులకు సత్యము చెప్పిరి, వచ్చినదానిని పంచుకొనిరి. సహకార సంఘమున మనము నిత్యము చెప్పుకొను ధర్మములును ఇవియే.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. కౌలు పొలమున కూలివానికి నిక్షేపము దొరకినచో ఎవరెవరికి ఏ పాలు చెందును?

2. దొరకిన వస్తువును కదలింపక యుంచుటవలన లాభమేమి?

3. మన గ్రామపు ఎల్లలలో పాటిదిబ్బలు, పాత శాసనములు ఎచ్చటెచ్చట నున్నవి? వానిని కాపాడుటకు మనమేమి చేయగలము?