రేకుల మీద ఇటుకలు

మా విద్యాలయం వెనుక పెరట్లో, కూరగాయల మడుల పక్కన ఒక చిన్న రేకుల గది ఉంది. పొడవు 8 అడుగులు, వెడల్పు 6 అడుగులు. పారలు, గునపాలు, నీళ్ల పైపు, వేపపిండి సంచి, విత్తనాల డబ్బాలు అందులో ఉంటాయి. చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. కానీ దాన్ని మేము రెండుసార్లు కట్టాం. మొదటిసారి కట్టింది ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

2022 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టాం. అంతకుముందు తోట సామాను మెట్ల కింద పడి ఉండేది. ప్రిన్సిపాల్ మేడమ్ అనుమతి ఇచ్చారు, వర్క్ ఎక్స్‌పీరియన్స్ సార్ దగ్గరుండి చూసుకున్నారు, గోడలు కట్టడానికి ఒక మేస్త్రి వచ్చారు. ముగ్గు పోసే పని మాది. గది మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్నాయో లేదో చూడటానికి మా దగ్గర మూలమట్టం లేదు. ఒక తాడు చాలన్నారు మేస్త్రి. భుజాలు 6, 8 అడుగులైతే ఎదురు మూలల మధ్య దూరం 10 అడుగులు రావాలి. పుస్తకంలో పైథాగరస్ పేరుతో చదివే ఈ సూత్రం మన దేశంలో బౌధాయన శుల్బసూత్రాల్లోనూ ఉంది. మాకు మొదటిసారి 10 అడుగుల 3 అంగుళాలు వచ్చింది. ఒక మేకు జరిపి మళ్లీ కొలిచాం. గోడలు లేచాక వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టాం. ఆ ఎండల్లో ఆ పనికి మాత్రం ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు!

తప్పు జరిగింది పైకప్పు దగ్గర. గోడల మీద నాలుగు వాసాలు పెట్టి, వాటిపై జింకు రేకులు పరిచాం. రేకుల్ని వాసాలకు బిగించలేదు, వాసాల్ని గోడకు కట్టలేదు. పైన పన్నెండు ఇటుకలు పెట్టి పని అయిపోయిందనుకున్నాం. ఢిల్లీ, నోయిడా, గాజియాబాద్ వీధుల్లో ఏ రేకుల కప్పు చూసినా పైన ఇటుకలో పాత టైర్లో కనిపిస్తాయి కదా. అందరూ చేసేదే మేమూ చేశాం.

మే 30 సాయంత్రం ఆంధీ వచ్చింది. ఇక్కడివాళ్లు దుమ్ముగాలిని అలాగే పిలుస్తారు. మన రాష్ట్రం పేరు గుర్తొచ్చి మొదట్లో మాకు నవ్వొచ్చేది. ఆ రోజు సఫ్దర్‌జంగ్ దగ్గర గాలి వేగం గంటకు దాదాపు 100 కిలోమీటర్లని వార్తల్లో చెప్పారు. నగరంలో వందలాది చెట్లు కూలాయి, జామా మసీదు పెద్ద గుమ్మటం మీది కలశం విరిగిపడింది. మా రేకుల్లో ఒకటి సైకిళ్ల షెడ్డు దాకా ఎగిరి, స్తంభానికి చుట్టుకుంది. ఇటుకలు పూలకుండీల మీద పడ్డాయి. అవి వేసవి సెలవులు. బడి ఉన్న రోజు అదే వేళకు ఆ షెడ్డు దగ్గర ఆరో తరగతి పిల్లలు వరుసలో నిలబడి ఉంటారు. సెలవుల తరువాత వచ్చి ఆ స్తంభాన్ని చూసినప్పుడు మాలో ఎవరమూ మాట్లాడలేకపోయాం.

జూలైలో భౌతికశాస్త్రం సార్ బోర్డు మీద లెక్క వేయించారు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలు. అందులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే, ప్రతి చదరపు మీటరు మీద గాలి చూపగల బలం న్యూటన్లలో వస్తుంది. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. 0.6ను 28తో రెండుసార్లు గుణిస్తే 470. మా కప్పు వైశాల్యం చూరుతో కలిపి 6 చదరపు మీటర్లు. మొత్తం 2,820 న్యూటన్లు, అంటే దాదాపు 280 కిలోల బరువును ఎత్తేంత బలం. ఇది ఉజ్జాయింపు లెక్కే. అంచుల దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ ఉంటుంది, తలుపు తెరిచి ఉంటే లోపల దూరిన గాలి కూడా కప్పును పైకి తోస్తుంది.

మరి కప్పు బరువెంత? రేకులు 24 కిలోలు, ఇటుకలు 36 కిలోలు, మొత్తం 60.

ఇక్కడే మాకొక అనుమానం వచ్చింది. అలాగైతే ఊరంతా ఇటుకలు పెట్టిన కప్పులు ఎలా నిలబడుతున్నాయి? జవాబు కూడా ఆ లెక్కలోనే దొరికింది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలికి మా కప్పు మీద వచ్చే బలం 45 కిలోలే, దానికి ఇటుకలు చాలు. అందుకే అలాంటి కప్పు ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, ఇటుకలు చాలన్న నమ్మకం కలిగించి, ఒక్క సాయంత్రం ఎగిరిపోతుంది. ఆ ఇటుకలు కూడా మనుషుల మీద పడతాయి. అసలు మేము తప్పుగా వేసుకున్న ప్రశ్న ఇది: కప్పు కింద పడకుండా ఎలా మోయాలి అని ఆలోచించాం గానీ, పైకి లేవకుండా ఎలా పట్టుకోవాలి అని ఆలోచించలేదు.

మాలో ఒకరి నాయనమ్మది శ్రీకాకుళం జిల్లా. ఫోన్‌లో సంగతి విని ఆవిడ, "చూరు కట్టకుండా ఇటికలెట్టేసినారేట్రా?" అని నవ్విందట. తుఫాన్లు తగిలే ఆ తీరంలో పాత చుట్టిళ్లు గుండ్రంగా ఉండి, తాటాకు కప్పు దాదాపు నేల దాకా దిగుతుంది. గాలి గుండ్రటి గోడ చుట్టూ జారిపోతుంది, చూరు కింద దూరడానికి చోటు తక్కువ. దాద్రీ వైపు పల్లె నుంచి వచ్చే మా తరగతి మిత్రుడు తమ ఊరి బిటోడాల సంగతి చెప్పాడు. అవి వానాకాలానికి పిడకలు దాచే కట్టడాలు. పిడకలను వరుసలుగా పేర్చి, పైకి పోనుపోను సన్నం చేసి, బయట పేడతో మెత్తి, వేళ్లతో ముగ్గుల్లాంటి గీతలు గీస్తారు. అన్నీ ఆడవాళ్లే కడతారు. గాలి వేలు పెట్టి లాగడానికి అంచే ఉండదు వాటికి. మన పల్లెల్లో గడ్డి వెంటితో చుట్టి ధాన్యం దాచే పురి కూడా ఆ కోవదే.

రేకుల గదిని గుండ్రంగా కట్టలేం కాబట్టి కట్టడం మీదే దృష్టి పెట్టాం. చలికాలం పొగ ముదిరితే గ్రాప్ నిబంధనల కింద ఢిల్లీ చుట్టుపక్కల తవ్వకాలు, కట్టడాలు ఆపేస్తారు. అందుకని వానలైనా ఆగస్టులోనే మొదలుపెట్టాం. నాలుగు మూలల్లో అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంటలు తవ్వి, ఇనుప పైపులు నిలబెట్టి కాంక్రీటు పోయించాం. ఒక్కో దిమ్మె సుమారు 135 కిలోలు, నాలుగూ కలిపి 540. గాలి 280 కిలోల బలంతో లాగినా దిమ్మెలు లేవవు. పైపులకు ఇనుప వాసాలను వెల్డింగ్ చేయించాం, ఆ పని పెద్దవాళ్లే చేశారు. రేకులను 24 కొక్కెపు బోల్టులతో వాసాలకు బిగించాం. బలాన్ని పంచితే ఒక్కో బోల్టుకు సుమారు 12 కిలోలు. చూరును అడుగు నుంచి నాలుగు అంగుళాలకు తగ్గించాం.

బోల్టు రంధ్రాన్ని రేకు గట్టు మీద వేయాలి, కాలువలో వేయకూడదు. వాన నీళ్లు పారేది కాలువలోనే కదా. ఈ మాట వర్క్ ఎక్స్‌పీరియన్స్ సార్ మూడుసార్లు చెప్పారు. అయినా ఒక మూల మూడు రంధ్రాలు కాలువలోనే పడ్డాయి. తారు పూసి మూసేశాం. రెండు ఆగాయి, మూడోది ఇంకా కారుతోంది. దాని కింద ఉన్న విత్తనాల డబ్బాలను పక్క అరకు మార్చి, అక్కడ బకెట్ పెట్టాం. వాన పడిన మర్నాడు ఆ నీళ్లు వంగ మొక్కలకు పోస్తున్నాం.