ట్రెడ్‌మిల్ మీద బూట్లు వేసుకోవాలా?

మన ఇళ్లలో ట్రెడ్‌మిల్ ఏ హాలు మూలనో, పడకగది కిటికీ పక్కనో ఉంటుంది. చెప్పులేమో గుమ్మం అవతలే విడుస్తాం. అందుకే జిమ్‌లో బూట్లతో పరుగెత్తేవాళ్లు కూడా ఇంట్లో వట్టి కాళ్లతో ఎక్కేస్తారు. దసరాకు దానికీ బొట్టు పెట్టే ఇళ్లలోనైతే బూటుకాలు మోపడానికి మనసే ఒప్పదు. ఆ పట్టింపు పోగొట్టుకోకుండానే పాదాలను కాపాడుకోవచ్చు.

చేయవలసినవి

పరుగు అనుకుంటే బూట్లు వేసుకోవలసిందే. ట్రెడ్‌మిల్ కోసమే, వీధి తొక్కని జత ఒకటి విడిగా ఉంచుకోండి. ఇంట్లోకి మట్టి రాదు, పెద్దవాళ్లు విసుక్కోరు, బెల్టూ మన్నుతుంది. బయట తిరిగిన బూట్ల అడుగున ఇరుక్కున్న ఇసుక, గులకరాళ్లు బెల్టు పైపొరను గీకేస్తాయి. దుమ్ము బెల్టు కిందికి చేరితే రాపిడి పెరిగి మోటారు మీద భారం పడుతుంది.

బూట్లు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి కొలత సరిగ్గా తెలుస్తుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఖరీదైనవేం అక్కర్లేదు. తేలికగా ఉండి, మడమ జారకుండా పట్టుకునేవైతే చాలు. లేసులు రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపండి.

ఎక్కగానే బెల్టు మీద నిలబడి స్విచ్ నొక్కకండి. ముందు రెండు పక్కల పట్టీల మీద కాళ్లు పెట్టి, సేఫ్టీ కీ క్లిప్పును చొక్కాకు తగిలించుకుని, బెల్టును అతి తక్కువ స్పీడులో తిప్పి, అప్పుడు అడుగు వేయండి. మెషీన్ వెనుక కనీసం 2 మీటర్ల ఖాళీ వదలండి. స్థలం చాలదని గోడకు దగ్గరగా పెడితే, జారిన మనిషి గోడకూ తిరిగే బెల్టుకూ మధ్య ఇరుక్కుంటాడు. ఒళ్లు దోక్కుపోయే గాయాలు అక్కడే అవుతాయి.

చేయకూడనివి

వట్టి కాళ్లతో పరుగెత్తకండి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్లతోనే మారథాన్ గెలిచాడు కదా అంటారు కొందరు. గెలిచాడు, నిజమే. 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు, ఆ సంగతి మాత్రం చెప్పరు! పైగా ఆయన పరుగెత్తింది రోడ్డు మీద. రోడ్డు మీద పడితే పడ్డచోటే ఆగుతాం. గంటకు 9 కిలోమీటర్ల స్పీడులో ట్రెడ్‌మిల్ బెల్టు సెకనుకు రెండున్నర మీటర్లు జరుగుతుంది. మనం పడ్డా అది ఆగదు, తగిలిన చర్మాన్ని రుద్దుతూనే ఉంటుంది. పడకపోయినా, చెమటకు నానిన అరికాలు గరుకు బెల్టుకు రాసుకుని బొబ్బలెక్కుతుంది. వట్టి కాళ్ల మీద అంత మోజుంటే నెమ్మది నడకతో, కొద్ది నిమిషాలతో సరిపెట్టుకోండి.

షుగర్ ఉన్నవాళ్లు అదీ చేయవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ వచ్చినా తెలియదు, అది పుండయ్యాకే కంటపడుతుంది. బూట్లు వేసుకున్నా, దిగాక అరికాళ్లూ వేళ్ల సందులూ చూసుకోండి. కంటికి ఆనకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి.

బూట్లు లేకుండా వట్టి సాక్సులతో ఎక్కడం మరీ ప్రమాదం, జారిపోతారు. హవాయి చెప్పులూ వద్దు. చున్నీ, చీరకొంగు, లుంగీ వేలాడుతూ ఉండకూడదు. ఫోను జారిపడితే వంగకండి, బెల్టు ఆగాకే తీసుకోండి.

బెల్టు రాసుకుని చర్మం కమిలితే టూత్‌పేస్టు, పసుపు పూయకండి. 20 నిమిషాలు చల్లటి కుళాయి నీటి ధార కింద ఉంచండి. తోలు ఊడినా, గాయం లోతుగా ఉన్నా డాక్టరుకు చూపించండి.

పిల్లల్ని ట్రెడ్‌మిల్ దగ్గర ఆడుకోనివ్వకండి. తిరిగే బెల్టు మీద చెయ్యి పెడితే వాళ్ల లేత చర్మం క్షణాల్లో ఊడొస్తుంది. అమెరికాలో ఒక చిన్నారి ప్రాణం పోయాక, 2021లో పెలోటన్ కంపెనీ తన ట్రెడ్ ప్లస్ మెషీన్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పని అయిపోగానే ప్లగ్గు పీకి, సేఫ్టీ కీని పిల్లలకు అందని చోట పెట్టండి.