గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ పతనం – జవాబుదారీతనం

ఆర్థిక సంస్కరణల తర్వాత 1994లో సికింద్రాబాద్ కేంద్రంగా మొదలైన ప్రైవేటు బ్యాంకు గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్. వ్యవస్థాపకుడు రమేష్ గెల్లి. స్టాక్ మార్కెట్‌కు ఎడాపెడా ఇచ్చిన రుణాలు 2001లో స్టాక్ బ్రోకర్ కేతన్ పరేఖ్ కుంభకోణంతో మొండి బకాయిలయ్యాయి.

2004 జూలై 24న కేంద్రం బ్యాంకింగ్ నియంత్రణ చట్టం, 1949 సెక్షన్ 45 కింద మారటోరియం విధించింది. ఖాతాదారులు రూ.10 వేలకు మించి తీసుకునే వీల్లేకపోయింది. ఆగస్టు 14న బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనమైంది. డిపాజిట్లు దక్కాయి, వాటాదారులకు చిల్లిగవ్వ రాలేదు.

బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని సెక్షన్ 46ఎ ప్రకారం ప్రైవేటు బ్యాంకుల ఛైర్మన్లు, డైరెక్టర్లు, అధికారులు కూడా అవినీతి నిరోధక చట్టం కింద ప్రభుత్వ సేవకులేనని గెల్లిపై నడిచిన అవినీతి కేసులో సుప్రీంకోర్టు 2016 ఫిబ్రవరి 23న తేల్చింది.

బ్యాంకు విఫలమైతే డిపాజిటర్లకు రక్షణనిచ్చే డిపాజిట్ బీమా పరిమితి 2004లో రూ.1 లక్ష, 2020 ఫిబ్రవరి 4 నుంచి రూ.5 లక్షలు.