ఘర్షణ వేరు, అరుగుదల వేరు



హాస్టల్‌లో చేరిన రోజు ట్రంకు పెట్టెను వరండా గచ్చు మీద ఈడ్చుకెళ్ళని వాడు మనలో ఉండడు. ఎంత లాగినా ఆ పెట్టె మొండికేస్తుందే, అది ఘర్షణ. వేసవి సెలవులకు ఇంటికెళ్ళేనాటికి హవాయి చెప్పు మడమ దగ్గర చిల్లు పడుతుందే, అది అరుగుదల. రెండూ రాపిడి వల్లే వస్తాయి కనుక ఘర్షణ ఎక్కువైతే అరుగుదలా ఎక్కువేనని అనుకుంటాం. బి.టెక్. మెకానికల్ చివరి సంవత్సరం ప్రాజెక్టు మొదలుపెట్టే దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మా ప్రాజెక్టు పాలిమర్ కాంపోజిట్ల మీద. నైలాన్, టెఫ్లాన్, ఎపాక్సీ లాంటివి పాలిమర్లు. వాటిలో గాజు పీచో, కార్బన్ పీచో, గ్రాఫైట్ పొడో కలిపితే కాంపోజిట్. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టడం మన ఊళ్ళలో చూసిందే కదా! నూనె చుక్క పడకూడని చోట, అంటే బట్టల మిల్లుల్లో, తినుబండారాల యంత్రాల్లో, వీటితో చేసిన బుష్‌లు, పళ్ళచక్రాలు వాడతారు. ఈ రాపిడి శాస్త్రానికి ట్రైబాలజీ అనే పేరు 1966లో బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ కమిటీ ఇచ్చిన నివేదికతో వాడుకలోకి వచ్చింది.

ఇక అసలు సంగతి. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న టెఫ్లాన్‌ను తీసుకోండి. ఉక్కు మీద నెమ్మదిగా జారేటప్పుడు దాని ఘర్షణ గుణకం 0.1 లోపే. అంత నున్నటిది అరగకూడదు కదా? కానీ సబ్బు ముక్కలా అరిగిపోతుంది! దాని అణువుల గొలుసులు ఒకదాని మీద ఒకటి తేలికగా జారతాయి. అందుకే ఘర్షణ తక్కువ. అలా జారడం వల్లే పొరలు పొరలుగా ఊడి ఉక్కుకు అంటుకుంటాయి, అక్కడ నిలవక రాలిపోతాయి. కొంచెం గాజు పీచు కలిపితే ఆ పీచు బరువును మోస్తుంది, పెద్ద పొరలు ఊడనివ్వదు. అరుగుదల వందో వంతుకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. ఘర్షణ మాత్రం కాస్త పెరగవచ్చు కూడా!

దీన్ని కొలిచే యంత్రం పేరు పిన్-ఆన్-డిస్క్. గట్టిపరచిన ఉక్కు పళ్ళెం తిరుగుతుంటుంది. మన పదార్థంతో చేసిన చిన్న పిన్నును దాని మీద బరువుతో నొక్కి ఉంచుతారు. ముందు, తర్వాత పిన్ను తూచి, తగ్గిన బరువును సాంద్రతతో భాగిస్తే అరిగిన ఘనపరిమాణం వస్తుంది. దాన్ని మళ్ళీ భారం, దూరం లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు టెఫ్లాన్ పిన్ను 22 మిల్లీగ్రాములు తగ్గిందనుకోండి. ఘన మిల్లీమీటరుకు 2.2 మిల్లీగ్రాముల సాంద్రత కనుక అరిగింది 10 ఘన మిల్లీమీటర్లు. భారం 20 న్యూటన్లు, దూరం 1000 మీటర్లు అయితే జవాబు 0.0005. లెక్క ఇంతే, తొమ్మిదో తరగతి వాడైనా చేయగలడు.

చిక్కు లెక్కలో రాలేదు, తూకంలో వచ్చింది. మేం నలుగురం గాజు పీచు కలిపిన నైలాన్ పిన్నులను సాయంత్రం ఓవెన్ నుంచి తీసి తూచాం. రాత్రంతా బల్ల మీద ఉంచి, మర్నాడు యంత్రంలో అరగదీసి మళ్ళీ తూచాం. బరువు పెరిగింది! అరిగిన వస్తువు బరువెక్కడమేమిటి? రివ్యూ రెండు రోజుల్లో ఉంది. "మైనస్ గుర్తు తీసేసి రాసేద్దాంరా, ఎవరు చూస్తారు?" అన్నాడు మాలో ఒకడు. నిజం చెప్పాలంటే నేను సరేనన్నాను. రికార్డులో ఒక పేజీ అలా రాసేశాను కూడా.

బయట జోరున వాన. ల్యాబ్ అసిస్టెంట్ అన్న మా మొహాలు చూసి, "రాత్రి పిన్నులు ఎక్కడ పెట్టారు బాబూ?" అని అడిగాడు. బల్ల మీదే అన్నాం. "వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుంది?" అన్నాడు. అంతే, అర్థమైపోయింది. నైలాన్ తేమను పీలుస్తుంది. మూడు గ్రాముల పిన్ను ఒక్క శాతం తేమ పీల్చినా 30 మిల్లీగ్రాములు! మేం వెతుకుతున్న అరుగుదల ఒకటి రెండు మిల్లీగ్రాములు.

ఆ పేజీ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాం. ప్రతి తూకానికీ ముందు బరువు మారడం ఆగేదాకా 80 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, తీయగానే తూచాం. అరగదీయని పిన్ను ఒకటి పక్కన పెట్టుకుని దాన్నీ తూచేవాళ్ళం, దాని బరువు మారితే తేమ ఇంకా ఉన్నట్టే. రివ్యూకు సగం పట్టికే తీసుకెళ్ళి చీవాట్లు తిన్నాం.

యంత్రం లేకపోయినా ఘర్షణ గుణకాన్ని మీరు హాస్టల్‌లోనే కొలవవచ్చు. నున్నటి చెక్క మీద ప్లాస్టిక్ స్కేలు ముక్క పెట్టి, చెక్క ఒక కొనను మెల్లగా ఎత్తండి. ముక్క జారడం మొదలైన క్షణంలో ఆ కొన ఎత్తును, అది నేల మీద ఆక్రమించిన పొడవుతో భాగించండి. ఎత్తు 30, పొడవు 100 సెంటీమీటర్లయితే గుణకం 0.3. పది సార్లు చేసి పది అంకెలూ రాసుకోండి, ఒకేలా రావు. వాన రోజు ఒకసారి, ఎండ రోజు ఒకసారి చేసి చూడండి.